మొక్కు జుట్టుతో జుబైల్ దాకా

సౌదీలోని ఖఫ్జీలో బస్సు ఎక్కేసరికి ఉదయం ఆరున్నర. జుబైల్‌లో ఒక ప్లాంటు ఆపి మరమ్మతులు చేస్తున్నారు. పైపులతో స్కాఫోల్డింగ్ పరంజాలు కట్టే మేము ముందుగా ఒక రోజు వెళ్లి గేట్ పాస్ తెచ్చుకోవాలి. ఆ దారిన పోయేవాళ్లకు ఒక మాట: ఇక్కడి నివాస కార్డు ఇఖామాను సంచిలో కాదు, చొక్కా జేబులో పెట్టుకోండి. చెక్‌పోస్టులో ఒక్కడు వెతుక్కుంటుంటే బస్సంతా కాచుకోవాలి.

నా దిగులంతా జుట్టు గురించే. మా పాప గుండె ఆపరేషనప్పుడు వేములవాడ రాజన్నకు తలనీలాలు మొక్కాను. అక్కడ తప్ప ఎక్కడా కత్తెర తగలకూడదు. పద్నాలుగు నెలలుగా పెంచాను, సెలవుకు ఇంకో రెండు నెలలుంది. పొడుగు జుట్టుంటే పాస్ రాదని క్యాంపు బాసు అన్నాడు. అందుకే ముడేసి, రుమాలు కట్టి, పైన హెల్మెట్ పెట్టాను.

పక్క సీట్లో మార్కస్. అమెరికా నల్లజాతి మనిషి, వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్, కారు చెడిపోయి మా బస్సెక్కాడు. అతని జుట్టు సన్నని పాయలుగా భుజాల మీద పరుచుకుని ఉంది. నేను దాచుకున్నదాన్ని అతను ఆరబెట్టుకున్నాడు. నాకు కడుపు మండింది.

ఎనిమిదింటికి పెట్రోలు బంకు దగ్గర టీకి ఆగాం. టీ బాగుంటుంది, పరాఠా జోలికి పోకండి. ఉండబట్టలేక, "నిన్నెవరూ కటింగ్ చేయించుకోమనరా?" అని మార్కస్‌ను అడిగాను. మా డ్రైవర్ ఖలీల్ భాయ్‌ది కడప, మా ఇద్దరి మాటలూ అతనే అటూ ఇటూ చెప్పాడు.

"మొదటి ఉద్యోగంలో అన్నారు. చేయించుకోనంటే తీసేశారు," అన్నాడు మార్కస్. "తర్వాత మా రాష్ట్రంలో చట్టం వచ్చింది. మాకు పుట్టుకతో వచ్చిన జుట్టును, మేము అల్లుకునే తీరును సాకుగా చూపి పనిలోంచి తియ్యకూడదు. ఆ చట్టం ఈ దేశంలో చెల్లదు. కానీ మా కంపెనీ దాన్ని తన రూల్ బుక్‌లో రాసుకుంది."

"చూస్తివా అప్పా, ఎంటికలకు కూడా చట్టమంట," అన్నాడు ఖలీల్.

జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు. ఇతనికి జుట్టుతో పాటు చట్టం కూడా ఉంది. నాకు టీ చేదుగా తగిలింది.

తొమ్మిదింబావుకు జుబైల్. సేఫ్టీ ఆఫీసర్ హైదరాబాద్ ఆయన. నా ఇఖామా చూశాడు, పాస్ చేతిలో పెట్టాడు. అంతే, గండం గడిచింది. తిన్నగా బయటికి పోవాల్సింది. వెనకే మార్కస్ వచ్చాడు. ఆఫీసర్ చేయి కలిపి, జుట్టు కట్టుకోవడానికి ఒక నెట్ ఇచ్చాడు. నా నోరు ఊరుకోలేదు.

"సార్, ఆయనకుంటే ఏం లేదు గని, మాకే ఎందుకు రూలు?"

ఆఫీసర్ తలెత్తాడు. "మాకే అంటే? నీకున్నదా? హెల్మెట్ తియ్."

తీశాను. పాస్ వెనక్కి తీసుకున్నాడు. మార్కస్ తన సంచిలోంచి కంపెనీ రూల్ బుక్ తీసి, ఒక పేజీ మీద వేలు పెట్టి, నాకూ ఒక నెట్ ఇమ్మని అడిగాడు. ఆఫీసర్ అతనికి ఇంగ్లీషులో ఏదో చెప్పి, నావైపు తిరిగి తెలుగులో అన్నాడు: "ఆ బుక్ ఆయన కంపెనీది. నువ్వు లేబర్ సప్లై కంపెనీ మనిషివి. కటింగ్ చేయించుకొని రా, పాస్ ఇస్త."

పాస్ లేకపోతే పని లేదు, పని లేకపోతే సెలవూ లేదు. పన్నెండింటికి ఒక పాకిస్తానీ మంగలి షాపులో కూర్చున్నాను. ఒక్క వెంట్రుక కూడా నేల మీద పడనివ్వొద్దని బతిమాలాను. అతను ఏమీ అడగకుండా తువ్వాలు పరిచి, అంతా ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చాడు.

గుండుతో పోయి పాస్ తెచ్చుకున్నాను. నాలుగింటికి తిరుగు బస్సు. మార్కస్ మళ్లీ నా పక్కనే కూర్చుని, "సారీ" అన్నాడు. నన్ను పట్టించింది అతను కాదు, నా కుళ్లే. అయినా అతని భుజాల మీద జుట్టు చూస్తే మంట చల్లారలేదు. అడిగితే వేలు పెట్టి చూపించడానికి అతనికి ఒక పేజీ ఉంది. రాజన్న మాట ఏ పేజీలో ఉందని నేను చూపించను?

సగం దారిలో ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది. గబగబా హెల్మెట్ పెట్టుకున్నాను.

"డాడీ, జుట్టు ఎంతొచ్చింది? చూపియ్," అంది పాప.

సంచి ఒళ్లోనే ఉంది. "ఇంటికొచ్చినంక చూపిస్త బిడ్డా," అన్నాను.