ఆయమ్మకు వచ్చేంతైనా

పెళ్లై భీమవరం నుంచి వచ్చిన కొత్తలో, మా ఆయన ఎడిటింగ్ గదిలోంచి ఏ వేళకు ఇంటికొస్తాడో తెలియక, పగలంతా ఒక్కదాన్నే కూర్చోలేక బడిలో చేరాను. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే సందులో, ఎవరిదో ఇంటిని బడిగా మార్చిన చిన్న ప్రైవేటు స్కూలు అది. నేను తెలుగు చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ లెక్కల టీచరుది. సిద్దిపేట వైపు మనిషి, వయసులో నాకంటే పెద్ద. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది.

మా క్లాసుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. అవతల అక్క పాఠం మొదలైతే ఇవతల నా పిల్లలు కూడా అటే చెవులు పెట్టేవాళ్లు. లెక్క రాని పిల్లవాడిని అక్క బోర్డు దగ్గరికి పిలిచేది కాదు. వాడి బెంచీ మీదే పక్కన కూర్చుని, "యాడిదాక వచ్చినవో చెప్పు బిడ్డా, నేను వింట" అనేది. వాడు చెప్పుకుంటూ పోయి, తప్పు చేసిన చోట తనే ఆగిపోయేవాడు. అప్పుడు అక్క చిన్నగా నవ్వడం నాకు ఇవతలికి వినిపించేది.

అక్క భర్త సినిమాల్లో లైట్‌మ్యాన్. ఒక షూటింగులో లైటు కడుతూ పైనుంచి పడ్డాడు. వెన్నెముక దెబ్బతింది. ఆ సినిమావాళ్లు మొదట్లో ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నారు గానీ, సినిమా పూర్తయ్యాక ఫోను ఎత్తడం మానేశారు. ఆపరేషన్ చేస్తే లేచి నడవొచ్చని డాక్టర్లు చెప్పారు. అంత డబ్బు లేదు; ఆరోగ్యశ్రీలో ఉచితంగా చేయించుకోవడానికి రేషన్ కార్డు కావాలి, దాని కోసం పెట్టుకున్న అర్జీ ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన బస్తీలోని ఒంటి గదిలో మంచం మీదే ఉండేవాడు. అక్క పొద్దున ఆయనకు ఒళ్లు తుడిచి, అన్నం దగ్గర పెట్టి బడికొచ్చేది.

ఒక మధ్యాహ్నం మేం అన్నాలు తింటుంటే, అంతకుముందు మా బడిలో ఊడ్చిన ఆయమ్మ వచ్చింది. బడి మానేసి, ఒక ఏజెన్సీ తరఫున జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనికి కుదిరింది. మనవడి ఫీజు కట్టడానికి వచ్చి, మమ్మల్ని పలకరించి పోదామని లోపలికొచ్చింది.

"ఎలా ఉందమ్మా కొత్త పని?" అని అడిగాను.

"మంచిగనే ఉంది మేడం. గవర్మెంటోళ్లు పెట్టిన కనీస జీతానికి తక్కువ ఇయ్యొద్దంట. పీఎఫ్ ఉంది. ఈఎస్ఐ కార్డు గూడ ఇచ్చిన్రు. మా ఆయనకు కంటి ఆపరేషన్ ఆ కార్డు మీదనే అయింది. ఒక్క పైస తీసుకోలే."

అన్నం కలుపుతున్న అక్క చెయ్యి ఆగింది. జీతమెంతని అడిగింది. ఆయమ్మ చెప్పింది. అది మా ఇద్దరి జీతాల్లో దేనికన్నా ఎక్కువే. ఆ సంగతి ఆయమ్మకు తెలియదు, మేమూ చెప్పలేదు.

మర్నాడు కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్తూ అక్క నన్ను తోడు రమ్మంది.

"సార్, నేను బీఎస్సీ బీఈడీ చదివిన. అందుకని ఎక్కువ ఇయ్యుమని అడుగుతలేను. మన ఆయమ్మకు గాడ వచ్చేంతైనా ఇయ్యుండ్రి, ఈఎస్ఐ కట్టుండ్రి. ఈడనే ఉంట."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆ కనీస జీతం కానూను పనోళ్లకు మేడం. టీచర్లు అండ్ల రారు. గురువులను పట్టుకొని పనోళ్లల్ల ఎట్ల కలుపుతరు?"

ఎగతాళిగా అనలేదు. గౌరవం ఇస్తున్నాననే ఆయన అనుకున్నాడు. బిల్డింగు కిరాయి పెరిగిందనీ, సగంమంది పిల్లల ఫీజులు రావడం లేదనీ, అందరికీ ఈఎస్ఐ కడితే బడి మూసుకోవాల్సిందేననీ చెప్పాడు. అందులో అబద్ధం ఉందని నేను అనుకోను.

"అంటే నేను పనిమనిషినైతె మా ఆయనకు ఆపరేషన్ అయితది, టీచర్‌గ ఉంటె కాదు. గంతే గద సార్?" అంది అక్క.

ఆయన బల్ల మీది ఫీజుల రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

నెలాఖరుకు మానేస్తానని ఆయనకు చెప్పి, అప్పటిదాకా అక్క మామూలుగానే పాఠాలు చెప్పింది. ఆఖరి రోజున కూడా పిల్లలకు ఏమీ చెప్పలేదు. హోంవర్క్ ఇచ్చి వెళ్లిపోయింది. మర్నాడు పదో తరగతి పిల్లలు ఆ హోంవర్క్ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. మేడం ఇంట్లో బాగోలేదన్నాను. ఎప్పుడొస్తారని అడిగింది ఒక పిల్ల. నాకు తెలియదన్నాను.

నా జీతం మీద మా ఇల్లు నడవదు. మా ఆయన సంపాదనతో గడిచిపోతుంది కాబట్టే నేను టీచరుగా మిగిలాను. నాకంటే బాగా చెప్పే మనిషి ఆ వెసులుబాటు లేక వెళ్లిపోయింది.

దసరా సెలవుల్లో అక్కను చూడ్డానికి జూబ్లీహిల్స్ వెళ్లాను. ఆయమ్మే తన ఆఫీసులో పని ఇప్పించింది. అక్క బూడిదరంగు యూనిఫాంలో, జుట్టు క్లిప్పు పెట్టి ముడేసుకుని మెట్లు తుడుస్తోంది. నన్ను చూసి సిగ్గుపడలేదు. నాకే ఎటు చూడాలో తెలియలేదు.

మేం మెట్ల మీద మాట్లాడుకుంటుండగా ఒకతను వచ్చాడు. అక్కడి సూపర్‌వైజరు. అతని కూతురు మా బడిలో అక్క దగ్గరే చదివింది.

"నమస్తే మేడం. జర ఆ కాన్ఫరెన్స్ రూముల..." అని ఆగిపోయాడు. "ఏం లేదు మేడం, మీరు మాట్లాడుండ్రి," అని బకెట్టు తనే తీసుకుని పోయాడు.

"రోజూ గిట్లనే," అంది అక్క. "మేడం అంటడు, పని చెప్పడు. నా పని మిగతా ఆడోళ్ల మీద పడుతది. వాళ్లు నాతోని మాట్లాడుతలేరు. వేరే బిల్డింగుల వేయుమని నేనే అడిగిన."

అడిగినట్టే ఆ తర్వాత ఏజెన్సీవాళ్లు అక్కను మధురానగర్ దగ్గర ఒక ఆఫీసుకు మార్చారు. అక్కడ ఆవిడ టీచరని ఎవరికీ తెలియదు. ఈఎస్ఐ కార్డు మీద వాళ్లాయనకు ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నాడు గానీ, మళ్లీ లైట్లు మొయ్యలేడు.

ఆయన్ని చూసొద్దామని వాళ్లింటికి వెళ్లినప్పుడు అడిగాను. "ఇప్పుడు ఆయన లేచి తిరుగుతున్నారు కదా, మళ్లీ రాకూడదా అక్కా?"

"కార్డు పోతది గద చెల్లె. ఇంకా మందులున్నయి, డాక్టరుకు చూపియ్యాలె." మళ్లీ తనే అడిగింది. "పదోతరగతికి లెక్కలు ఎవరు చెప్తున్రు?"

ఒకమ్మాయి వచ్చి మానేసిందనీ, ఇంకొకతను చేరి కాల్ సెంటర్‌కు వెళ్లిపోయాడనీ, ఇప్పుడు సోషల్ సారే చెబుతున్నాడనీ చెప్పాను.

అక్క లేచి, ఆయన వేసుకోవాల్సిన మాత్రలు వెతకడం మొదలుపెట్టింది.