అద్దానికి పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో మా ఇళ్లలో ఆడపిల్లకు చదువు వద్దని ఎవరూ గట్టిగా అనలేదు. కావాలని కూడా ఎవరూ అనలేదు, అంతే. బడిలో చెప్పేది ఉర్దూ, ఇంట్లో మాట్లాడేది తెలుగు, నేను చేయాల్సింది అంట్లు తోమడం. మూడోదానికి అక్షరాలతో పని లేదు కాబట్టి నేను అందులోనే ఆరితేరాను. పెళ్లయ్యాక మా ఆయన ఒక పలక తెచ్చి, రోజూ సాయంత్రం నేర్పుతానన్నారు. మూడో రోజుకల్లా ఆ పలక మీద కెమెరా మరలు ఆరబెట్టుకున్నారు. నాలుగో రోజు నుంచి నాకు పలకా లేదు, పంతులూ లేడు. చివరికి సంతోష్‌నగర్‌లో ఆడవాళ్ల కోసం మధ్యాహ్నం పూట పెట్టిన తరగతిలో చేరి, అరవై ఒకటో ఏట అక్షరాలు దిద్దాను. అందుకే యాభైల నాటి గోడు ఇన్నేళ్ల తరువాత రాస్తున్నాను. చేయి ఇంకా మెల్లగానే నడుస్తుంది కానీ కోపం మాత్రం నిన్నటిలాగే ఉంది.

మా అత్తవారిల్లు లాల్‌దర్వాజా సందుల్లో ఉండేది. రెండు గదులు, వాటి ముందు దాలాన్ (వసారా అనుకోండి), వెనక వంటిల్లు. మామగారు బతికున్నన్నాళ్లూ గుడి సేవలో ఉన్నారు, కాబట్టి అత్తమ్మకు మడి, ఆచారం ఎక్కువ. మా ఆయనది గుమాస్తా ఉద్యోగం. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కోవడం ఆలస్యం, దాలాన్‌లో తెల్ల దుప్పటి పరుచుకుని దాని మీద కూర్చునేవారు. పాడైన కెమెరాలు బాగుచేయడం ఆయనకు పిచ్చి. పెళ్లికి ముందు గడియారాలు బాగుచేసే ఒక ముసలి సాబు పక్కన కూర్చుని ఆ పని చూసి నేర్చుకున్నారట. తరువాత గడియారాల మీద మోజు తీరిపోయి కెమెరాల మీద పడ్డారు. అప్పటి కెమెరాలు మడతపెట్టేవి. మూత తెరిస్తే హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా తోలు బయటికి సాగేది. దాని కొసన ముందొకటి వెనకొకటి అద్దాలు, వాటి నడుమ షట్టరు. షట్టరంటే ఐదు సన్నటి ఇనుప రేకులు. మీట నొక్కితే అవి రెప్పపాటు విచ్చుకుని మళ్లీ మూసుకోవాలి. వాటి చేత ఆ రెప్పపాటు పని చేయించడానికి మా ఆయన వారాల తరబడి కూర్చునేవారు.

దుమ్ము పడితే రేకులు పట్టేస్తాయట. కాబట్టి ఆయన దుప్పటి మీద కూర్చుంటే కిటికీలు మూయాలి, చీపురు ముట్టకూడదు, విసనకర్ర ఊపకూడదు. ఎండాకాలం పాతబస్తీ ఇంట్లో కిటికీలు మూసుకుని ఒక పూట కూర్చుని చూడండి, నా బాధ మీకే తెలుస్తుంది. పొయ్యి పొగ పడదని ఒకనాడు అటుకులతో సరిపెట్టమన్నారు. (సరిపెట్టాను. మరునాడు కూడా అదే మాట అంటే అటుకులు అయిపోయాయని చెప్పాను. డబ్బా నిండా ఉన్నాయి.) ఒకసారి వెంట్రుకంత స్ప్రింగు ఎగిరిపోతే ఎవరూ కదలవద్దన్నారు. అప్పుడు అత్తమ్మ మడి బట్టతో, చంకలో నీళ్ల బిందెతో, ఒక కాలు గడపకు ఇవతల, ఒక కాలు అవతల పెట్టి ఉంది. ఆమె అట్లాగే నిలబడింది. నేను చేతిలో జల్లెడతో నిలబడ్డాను. ఆయన నేల మీద బోర్లా పడుకుని దాలాన్ అంతా వెతికారు. చివరికి అది ఆయన చొక్కా జేబులోనే దొరికింది. అత్తమ్మ ఆ రోజు మళ్లీ స్నానం చేసింది, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇట్లాంటి ఇంటికి ఫోటోభాయ్ కెమెరా వచ్చింది. ఆయన చార్మినార్ దగ్గర ఒక మేడమెట్ల కింద ఫోటోలు తీసేవాడు, పెళ్లిళ్లకు వెళ్లేవాడు. ఉన్నది ఆ ఒక్క కెమెరాయే. మీట నొక్కితే రేకులు తెరుచుకుని, ఇక మూసుకోవడం మరిచిపోతున్నాయి. వారంలో ఇస్తామని మా ఆయన తీసుకున్నారు, ఇవ్వలేదు. ఇంకో వారం అన్నారు, అప్పుడూ ఇవ్వలేదు. ఫోటోభాయ్ వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని, ఫికర్ చేయవద్దని ఆయనే మమ్మల్ని ఓదార్చి వెళ్లేవాడు. మూడోసారి మాత్రం మెట్టు దిగుతూ ఆగి, "భాయ్, దసరా తెల్లారి పెద్దోళ్ల ఇంట్ల షాదీ ఉన్నది. నేను పోకుంటే ఇంకొకన్ని పిలుస్తరు. ఒక్కసారి పిలిస్తే వాన్నే పిలుస్తరు" అన్నాడు.

ఆ మాట అత్తమ్మ విన్నది. ఆయన అటు వెళ్లగానే కొడుకును నిలబెట్టి, ఒకరి నోటికాడి ముద్ద ఇంట్లో పెట్టుకుని ఇట్లా ఆడుకోవడం పాపమన్నది. తోలు సంచులు, రేకులు కడిగే పెట్రోలు కంపు, ఎన్నాళ్లు ఓర్చుకోవాలన్నది. మా ఆయనకు రోషం వచ్చింది. "దసరా నాడు నాలుగు గంటల్లోపల ఇయ్యకపోతే ఇంక ఇంట్లకు కెమెరా రాదు. అమ్మా, నీ మీద ఒట్టు" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి అమ్మవారికి మొక్కుకున్నాను. ఏమని మొక్కుకున్నానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ, మీరు ఊహించగలరు.

అమ్మవారు వినలేదు. దసరా పొద్దునకల్లా పని దాదాపు అయిపోయింది. అద్దాన్నీ షట్టరునూ తోలు తిత్తి నుంచి విడదీసి, రేకులు కడిగి, ఆరడానికి దుప్పటి మీద పెట్టి, పైన గాజు గిన్నె బోర్లించి ఆయన తలస్నానానికి వెళ్లారు. ఊడదీసిన ముందువైపు అద్దం తిరిగి బిగించి, మొత్తాన్ని తోలుకు తగిలిస్తే చాలు. అప్పుడే అత్తమ్మ పసుపు, కుంకుమ, గంధం, అక్షింతలు ఉన్న పళ్లెం నా చేతికిచ్చి, ఇంట్లో పనిముట్లన్నింటికీ పూజ చేయమన్నది. అది నాకు ఆ ఇంట్లో మొదటి దసరా. రోలుకు పెట్టాను, రోకలికి పెట్టాను, కత్తిపీటకు, సైకిలుకు, కుట్టుమిషనుకు పెట్టాను. దాలాన్‌లోకి వచ్చి ఆయన మరలు తిప్పే పేచ్‌కస్‌లకు, సన్నటివి పట్టుకునే చిమ్టాలకు, ఆకురాయికి, పెట్రోలు సీసాకు కూడా పెట్టాను. ఇక మిగిలింది గాజు గిన్నె కింద ఉన్నది. దానికి కూడా పెట్టాలా అని అడిగితే, అత్తమ్మ గుమ్మంలోంచి వంగి చూసి, "గది తోలు గాదు గద, పెట్టు" అన్నది.

ఎక్కడ పెట్టాలన్నదే సందేహం. దానికి ముఖమూ లేదు, నుదురూ లేదు, ఉన్నదల్లా నడుమ ఒక గుండ్రటి కన్ను. దేవుడికైనా మనిషికైనా బొట్టు నడుమనే కదా పెడతాం. గిన్నె పక్కకు తీసి, తడి గంధం నిండుగా అద్ది, దాని మీద కుంకుమ దిద్ది, కళ్లకద్దుకుని గుప్పెడు అక్షింతలు చల్లాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు దాని మీద ఏ పగా లేదు. పండుగ కదా, పోనీలే అనుకున్నాను. ఎంత బాగా చేశానంటే, కుంకుమ రేకుల సందుల్లోకి దిగింది, అక్షింతలు పళ్లచక్రాల నడుమ పడ్డాయి.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి చూశారు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. తువ్వాలు భుజం మీద వేసుకుని, దుప్పటి అంచున కూర్చుని పేచ్‌కస్ అందుకోబోయారు. అత్తమ్మ చేయి అడ్డం పెట్టింది. పూజలో పెట్టిన పనిముట్టు తెల్లారేదాకా ముట్టకూడదు, వాళ్ల ఇంట్లో ఏడు తరాల నుంచీ అదే పద్ధతి. మామగారు బతికుండగా దసరా నాడు కత్తిపీట ముట్టరని కూరగాయలు ముందురోజే తరిగి పెట్టుకునేవారట. మా ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. "అయితే నీ మాటే నెగ్గింది అమ్మా. ఇంక విడిచిపెట్టిన" అన్నారు. కోపంగా అనలేదు. ఆఫీసులో ఎవరో బదిలీ అయిన సంగతి చెప్పినట్టు అన్నారు. అని, దుప్పటి ఒక కొస మడవడం మొదలుపెట్టారు.

నేను మొక్కుకున్నది పళ్లెంలో పెట్టి నా ముందుకు వచ్చింది. కిటికీలు తెరుచుకోవచ్చు, ఊడ్చుకోవచ్చు, పొయ్యి రాజేసుకోవచ్చు. నాకు మాత్రం ఆ మడిచే చేతులు చూస్తేనే ఒళ్లు మండింది. మూడు వారాలు మమ్మల్ని ఉడకబెట్టి, తీరా అయ్యేసరికి ఇంత బుద్ధిగా ఓడిపోతారా అని. నా బొట్టు వల్లే అంతా జరిగిందని కూడా తెలుసు, దాంతో ఇంకా మండింది. "మీ పనిముట్లకే గద బొట్టు పెట్టిన, నా వాటికి పెట్టలేదు గద. ఆ కెమెరా అంటే ఫోటోభాయ్‌ది, మన పనిముట్టు గాదు. ఏం గావాల్నో చెప్పున్రి" అన్నాను. పెళ్లయిన ఐదు నెలల్లో ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు. అత్తమ్మ నా వైపు చూసింది కానీ, పద్ధతిలో తప్పేమీ కనపడక ఊరుకుంది.

పేచ్‌కస్‌కు బదులు నా జడపిన్నులు వచ్చాయి. ఆకురాయికి బొట్టుంది కాబట్టి స్నానాలగది మెట్టు మీద వాటి కొసలు అరగదీశాం. నాలుగు వంగిపోయాయి, ఐదోది నిలిచింది. చిమ్టాకు బదులు నా కాటుకపుల్ల. బ్రష్షుకు బదులు ఆయన గడ్డం గీసుకునే కుంచె. (అది స్నానాలగదిలో ఉండి నా భక్తి నుంచి తప్పించుకుంది.) చిక్కు పెట్రోలు దగ్గర వచ్చింది. సీసాకు నేనే స్వయంగా, ముందూ వెనకా కూడా బొట్టు పెట్టాను. కుంకుమ కడగాలంటే పెట్రోలు తప్ప దారి లేదు. ఇద్దరం సీసాను చూస్తూ కూర్చున్నాం. గుడికి బయలుదేరి గుమ్మం దాకా వెళ్లిన అత్తమ్మ వెనక్కి వచ్చింది. కొడుకు ముఖం చూసింది, సీసా చూసింది. "సీసకు పెట్టింది గని లోపలి దానికి పెట్టలే గద. నేనే వంపుత, గిన్నె పట్టున్రి" అని, మూడు వారాలుగా తాను ముక్కు మూసుకుంటూ వచ్చిన పెట్రోలును మడిబట్టతో వంపి ఇచ్చి, మళ్లీ స్నానానికి వెళ్లింది.

తరువాత మధ్యాహ్నమంతా ఆయన నా మీద విసుక్కోవడం, నేను ఆయన మీద విసుక్కోవడం. రేకులు ఒక్కొక్కటే అంచు పట్టుకుని కడిగాను. నా వేళ్ల నిండా మెహందీ పెట్టుకున్నంత ఎరుపు. ఊపిరి వదలవద్దంటారు, మాట్లాడవద్దంటారు, ఇటు రమ్మంటారు, నీడ పడుతోంది అటు పొమ్మంటారు. అక్షింతలు ఎన్ని చల్లావని అడిగారు. చల్లేటప్పుడు ఎవరైనా లెక్కపెడతారా అన్నాను. పదకొండు దొరికాయి. మూడు గంటలకు రేకులు తిరిగి పేర్చడం దగ్గర ఆయన ఆగిపోయారు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ గుండ్రంగా వెళ్లాలి, చివరి రేకు అంచు మాత్రం మొదటిదాని కిందికి దూరాలి. జడపిన్నుతో అది దూరడం లేదు. మూడుసార్లు పేర్చారు, మూడుసార్లూ చెదిరాయి. నాలుగోసారి ఆయన జడపిన్ను కింద పెట్టేశారు. "జరగున్రి. మోదుగాకులు పెట్టి విస్తరి కుట్టినట్టే గద ఇది" అని, మొదటి రేకును గోటితో కొద్దిగా ఎత్తి పట్టుకుని ఐదోదాన్ని కిందికి తోశాను. కూర్చుంది. ఆయన నన్ను చూడలేదు, రేకులనే చూశారు. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?" అన్నారు. ఎవరడిగారు నన్ను?

నాలుగింటికి ఫోటోభాయ్ రానే వచ్చాడు. కెమెరా చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కాడు. ఒక సెకను జర్రుమని నడిచి, టక్కున మూసుకుంది. పదిసార్లు నొక్కాడు, పదిసార్లూ మూసుకుంది. అద్దం చుట్టూ ఉన్న ఇత్తడి కడియంలో మాత్రం సన్నటి ఎర్ర గీత మిగిలిపోయింది, ఎంత తుడిచినా పోలేదు. ఇది ఏంది భాయ్ అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను వేళ్లు కొంగులో దాచుకున్నాను. "పండుగ గద భాయ్" అన్నారాయన. ఫోటోభాయ్ ఇద్దరినీ చూసి, విషయం ఎంత అర్థమైందో ఏమో, "మంచిగయింది. పెండ్లికి పోయేది గద, అది గూడ సింగారించుకున్నది" అని నవ్వుకుంటూ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఫోటోభాయ్ సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాక నాకు తెలివి వచ్చింది. ఆయన ఒట్టులో ఓడిపోలేదు. ఇంటికి కెమెరాలు వస్తూనే ఉంటాయి. ఆ కిటికీలు అట్లాగే మూసి ఉంటాయి. ఆ కెమెరాల పిచ్చిని ఇన్నాళ్లకు వదిలించుకునే అవకాశం వస్తే, నా జడపిన్నులు పెట్టి నేనే చెడగొట్టుకున్నాను. ఆ సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి అత్తమ్మ కాళ్లకు మొక్కుతుంటే ఆమె వంగి, "పెట్రోలు వాసన వస్తున్నవు" అన్నది. ఆమె కూడా అదే వాసన వస్తోందని నేను చెప్పలేదు.

మరునాడు పొద్దున కళ్లాపి చల్లి ముగ్గు వేస్తున్నాను. ఆయన ఇంకా లేవలేదు. ఎవరో పెద్దమనిషి, తువ్వాలులో చుట్టిన డబ్బా ఒకటి రెండు చేతులతో పట్టుకుని వచ్చి, కెమెరాలు బాగుచేసే ఇల్లు ఇదేనా అమ్మా అని అడిగాడు. ఫోటోభాయ్ పంపాడట. నేను తల ఎత్తకుండానే, "ఆ పని మానుకున్నరు" అన్నాను. ఆయన అట్లాగా అని, తువ్వాలు కొసలు మళ్లీ జాగ్రత్తగా సర్దుకుని వెళ్లిపోయాడు. నేను ముగ్గులో ఇంకో మూడు చుక్కలు పెట్టాను. నాలుగోది పడలేదు. పద్దెనిమిదేళ్ల ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురుపడితే ఆపేదాన్నేమో, లేక నేనే ముందు పరుగెత్తేదాన్నేమో. ముగ్గు డబ్బా అక్కడే వదిలేసి, చెప్పులు లేకుండా, తెల్లటి చేతులతో సందు చివరిదాకా ఉరికి ఆయనను పట్టుకున్నాను.

"మానుకోలేదన్నా. ఇటియ్యున్రి, నేను చూస్త."