పెన్‌గంగ రేవులో ఊదా ముద్ర

పదిహేనేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, నోట్లోంచి రావడానికి క్షణం కూడా పట్టలేదు. అంత చిన్నదానికి ఇంత బరువు ఎక్కడ నుంచి వచ్చిందో నాకే తెలియదు. నా భార్యకు చెప్పలేదు. చర్చి అయ్యగారికి చెప్పలేదు. ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడి కల్లు తాగిన సంగతి ఒప్పుకున్నాను, మా అన్నతో పొలం గట్టు దగ్గర తగవు పడి ఏళ్ళ తరబడి మాట్లాడని సంగతి ఒప్పుకున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. కూర్చున్నాను. ఈ ఒక్కటి మాత్రం గొంతు దాకా వచ్చి మళ్ళీ లోపలికే పోయేది. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. అంతకు మించిన ధైర్యం నా దగ్గర లేదు.

మొన్న నాకు రిటైర్మెంటు సభ చేశారు. దండ వేశారు, శాలువా కప్పారు. మా పెద్ద డాక్టరు గారు లేచి, "సొంత తమ్ముడొచ్చినా ముద్ర లేనిదే నావ ఎక్కనివ్వని మనిషి" అని నన్ను పొగిడారు. చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. ఇంటికొచ్చి శాలువా మడిచి పెట్టెలో పెట్టాను. ఆ రాత్రే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆ ముద్ర సంగతి ముందు చెప్పాలి.

అప్పటికి పోలీసు యాక్షన్ అయి కొన్నేళ్ళు గడిచాయి. మాది ఇంకా హైదరాబాదు రాష్ట్రమే. ఆదిలాబాదుకు ఉత్తరంగా పోయి పెన్‌గంగ దాటితే మధ్యప్రదేశ్. అంతా ఒకటే దేశం అయిందని జెండాలు ఎగరేసుకున్నాం. ఏరు దాటేవాడికి మాత్రం అవి రెండు దేశాల కిందే లెక్క. ఇవతల చెల్లేది నిజాం హాలీ సిక్కా రూపాయి, అవతల కల్దారు రూపాయి. ఇవతలి సుంకం నాకా వాళ్ళు మూట విప్పి దులుపుతారు, అవతలి జవాను ఎవరు నువ్వు, ఎందుకొచ్చావని అడుగుతాడు. వియ్యంకులు మాత్రం అటొకరు ఇటొకరు. ఈ ఒడ్డున పొయ్యి రాజేస్తే ఆ ఒడ్డున కూతురికి పొగ కనబడుతుంది.

ఆ ఏడు మా వైపు గత్తర తగిలింది. కలరా అంటే మీకు బాగా తెలుస్తుందేమో. వాంతులు, విరేచనాలు, పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి కట్టె. సూది మందు వేయించుకోని వాళ్ళను ఒడ్డు దిగనివ్వం అని అవతలి సర్కారు కబురు పంపింది. మొదట కాగితాలిచ్చాం. ఒకడి కాగితం పట్టుకొని ఊరంతా దాటింది. అప్పుడు కాగితాలు మానేసి, సూది వేసిన ప్రతి మనిషికీ మణికట్టు మీద ఊదా సిరాతో ముద్ర కొట్టమన్నారు. ఆ ఒడ్డున జవాను మొహాలు చూసేవాడు కాదు, మణికట్లు చూసేవాడు. ముద్ర ఉంటే మనిషి, లేకపోతే రోగం.

రేవులో సర్కారు దవాఖానా మనిషిని నేనొక్కణ్ణే. సూది వేసేదీ నేనే, ముద్ర కొట్టేదీ నేనే, నావ ఎక్కేటప్పుడు చేతులు చూసేదీ నేనే.

నా గురించి కూడా కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. చెబితే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు ఉంటుంది. ఏం చెయ్యను? మాది లక్సెట్టిపేట వైపు. మా తాత ఊరవతల ఏ గూడెం నుంచి మిషన్‌లో కలిశాడో ఊళ్ళో ఎవరూ మమ్మల్ని మరిచిపోనివ్వలేదు. క్రిస్మస్‌కు బట్ట కొనడానికి బాపు సాలోళ్ళ వాడకు పోతే, నేసినాయన గడప లోపల నిలబడి బట్టను మట్టిలోకి విసిరేవాడు. బాపు వంగి తీసుకొని, దుమ్ము దులిపి, దండం పెట్టేవాడు. ఆ దండం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. బట్ట మాత్రం బాగుండేది. ఆ బట్టలతోనే చర్చిలో పాటలు పాడాను.

అలాంటివాడి చేతికి సర్కారు సూది ఇచ్చింది. పటేళ్ళు, కోమట్లు, పత్తి సేట్లు, అందరూ వరసగా నిలబడి నా ముందు రెట్ట చాపేవాళ్ళు. కొందరు మొహం తిప్పుకునేవాళ్ళు. సూదికి భయపడి కొందరు, నేను తాకుతానని జంకి కొందరు. ఎవరు ఏదో నాకు తెలిసేది. రెండో రకం వాళ్ళకు సూది కాస్త గట్టిగా దింపేవాణ్ణి. ఇదీ ఒప్పుకోవాల్సిందే, ఒప్పుకుంటున్నాను.

లస్మవ్వ అంగడి రోజున వచ్చింది. సాలోళ్ళ కోడలు. ఆమె పెనిమిటిది కరీంనగరం వైపు ఊరు. నూలు దొరక్క మగ్గం మూలబడితే, ఆదిలాబాదులో పత్తి మిల్లు పనికి వచ్చారు మొగుడూ పెళ్ళాలు. పసివాణ్ణి దూది దుమ్ములో పెంచలేక ఆమె తల్లి దగ్గర వదిలారు. తల్లిది అవతలి ఒడ్డు, రేవు దిగితే ఊరే. కులం తప్ప ఈ వివరాలన్నీ తర్వాత తెలిశాయి. ఆ పొద్దున ఆమె నాతో అన్నది ఒక్కటే మాట.

"పిలగానికి పానం బాగలేదట అయ్యా. జర జెల్ది ఏయుండ్రి."

స్పిరిటు రాశాను. సూది వేశాను. మణికట్టు పట్టుకొని ముద్ర కొట్టాను. ఆమె మొహం తిప్పుకోలేదు. అది నేను గమనించాను, నాకు సంతోషం కూడా వేసింది. ఆరేదాకా నీళ్ళు తగలనియ్యకమ్మా అని చెప్పాను. తలూపింది గానీ కళ్ళు ఏటి మీదే ఉన్నాయి.

ఆ తర్వాత సిరంజి కడుగుతూ తలెత్తితే ఆమె ఏట్లో కనబడింది. కట్టుబట్టలతో మునుగుతోంది. మునిగి లేచి, చేతులు రుద్దుకొని, మళ్ళీ మునిగింది.

నాకు అరికాలి నుంచి మండింది. ఓహో, నేను పట్టుకున్న చెయ్యి కడుక్కుంటోంది అనుకున్నాను. మొహం తిప్పుకోనిదాన్ని చూసి మురిసిపోయినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మిగతావాళ్ళు కనీసం ఇంటికి పోయి తానం చేసేవాళ్ళు. ఈమె నా కళ్ళ ముందే చేస్తోంది.

నావ కట్టు విప్పే వేళకు తడిబట్టలతో వచ్చి వరసలో నిలబడింది. ముద్ర ఏది అని అడిగాను. ఆమె మణికట్టు చూసుకుంది. ఊదారంగు మరక ఒకటి, అంతే. అది పోయిందని అప్పుడే చూసుకున్నట్టుంది.

"ఇప్పుడే గద అయ్యా ఏసినవు. నీళ్ళల్ల పోయింది."

నేనన్నాను, "నేనా? నేను నిన్ను ముట్టలే."

ఇదే ఆ అబద్ధం.

ఆమె నా మొహంలోకి చూసింది. "సూది నువ్వే ఏసినవు. గిదో, రెట్ట సూడు, వాసింది."

"ఎవలకు ఏసిన్నో నాకు యాదికుంటది. నిన్ను నేను ముట్టనే లేదు."

గొంతు పెంచే అన్నాను. వరసలో పటేళ్ళున్నారు, ఆమె కులపోళ్ళు కూడా ఉన్నారు. నాకేం కావాలి? వాళ్ళందరి ముందు, ఈ మనిషి నన్ను ముట్టాడని ఆమె నోటితో అనిపించాలి. కడుక్కున్నదాన్ని ఆమే మళ్ళీ మీద వేసుకోవాలి. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకున్నానా? అనుకున్నాననే నా నమ్మకం. కోపంలో ఏదో అనేశానని చెప్పుకోవడం తేలిక, కానీ ఆ కాసేపు నా బుర్ర చాలా చల్లగా పనిచేసింది.

నావ నడిపే గంగారాం మధ్యలో కలగజేసుకున్నాడు. "సారూ, ఏసినవ్ గదా, నేను సూసిన."

"నీ నావ నువ్వు సూసుకో," అన్నాను.

అప్పుడు లస్మవ్వ అన్నది. మెల్లగా కాదు, అందరికీ వినబడేలా. "గీయన నన్ను ముట్టిండు. నా చెయ్యి పట్టుకున్నడు. నా కొడుకు మీద ఒట్టు."

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకెవడో ఒక పాడు మాట అన్నాడు. ఆమె తల దించలేదు. నాకు కావలసింది నాకు దొరికింది. ముద్ర నా జేబులోనే ఉంది. తీసి కొట్టి ఉంటే సరిపోయేది. అప్పుడైనా కొట్టి ఉంటే ఈ రాతకు పని ఉండేది కాదు. నేను కొట్టలేదు. రేపు పొద్దున రా, మళ్ళీ సూది వేస్తాను, నియమం నియమమే అన్నాను. నావ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పైన ఎక్కడో వాన పడింది. తెల్లారేసరికి పెన్‌గంగ ఒడ్లు ఒరుసుకొని పారుతోంది. నావ కట్టేశారు. నాలుగైదు రోజులు అవతలి మనిషి ఇవతలికి రాలేదు, ఇవతలి మనిషి అటు పోలేదు. లస్మవ్వ సుంకం నాకా వసారాలో ఒక మూల కూర్చుంది. ఎవరైనా రొట్టె పెడితే తినేది. నన్ను ఏమీ అడగలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని నాకు ఎన్నిసార్లు అనిపించిందో. ఏటి వైపు చూసేది. అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంది.

నీళ్ళు తీసిన రోజు నా ముందుకొచ్చి రెట్ట చాపింది. సూది అక్కర్లేదని చెప్పి, మణికట్టు పట్టుకొని ముద్ర కొట్టాను. ఆమె ఆ చేతిని ఒంటికి తగలనీయకుండా, కొంగుకు తగలనీయకుండా, దూరంగా చాపి పట్టుకొని నావెక్కింది. ఆరేదాకా అలాగే పట్టుకుంది. ఈసారి మునగలేదు.

వారం తిరక్కుండా గంగారాం నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. బీడీ ముట్టించలేదు, అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"సారూ, గా సాలోళ్ళ పిల్ల కొడుకు సచ్చిపోయిండట. నీళ్ళొచ్చిన మర్నాడే. అవ్వ ఏదీ, అవ్వ ఏదీ అనుకుంట పోయిండట."

మా వైపు తల్లిని అవ్వ అంటారు.

"పిలగానికి అమ్మోరు పోసింది సారూ. అమ్మోరున్న ఇంట్లకు తానం జేసి తడిబట్టల్తోని పోవాలె గద, గందుకే మునిగిందట. గా ముచ్చట రేవుల చెప్తే అసలుకే దాటనియ్యరని నోరు మూసుకున్నదట. ఆళ్ళ అవ్వ చెప్పి ఏడ్సింది."

గంగారాం నన్ను ఒక్క మాట అనలేదు. లేచి తన నావ దగ్గరికి పోయాడు.

ఇన్నేళ్ళలో నేను నాకు చెప్పుకున్న సాకులన్నీ మీకు చెప్పగలను. వాన నేను కురిపించలేదు. మశూచికి మందు నా దగ్గర లేదు, తల్లి పక్కన ఉన్నా పిల్లాడు బతికేవాడు కాదు. ముద్ర లేకపోతే అవతలి జవాను తిప్పి పంపేవాడే. అన్నీ నిజాలే, ఒక్కటీ పనికిరాదు. ఆ రోజే ఆమె ఏరు దాటి ఉంటే ఆ పిల్లాడు తల్లి ఒళ్ళో పోయేవాడు. నా వల్ల వాడికి దక్కకుండా పోయింది అదే.

ఇంకో సాకు ఉంది, అది అన్నిటికన్నా చెడ్డది. ఆమె నా అంటు కడుక్కోవడానికి కూడా మునిగి ఉండవచ్చు కదా? అమ్మోరి కోసమూ, దానికోసమూ, రెండూ అయి ఉండవచ్చు. ఉండవచ్చు. నాకు ఎప్పటికీ తెలియదు. ఈ కథ మా వాళ్ళకు చెబితే, మంచి పని చేశావు, మన తాతలకు చేసినదానికి ఇది ఏ మూలకు అనేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు చెప్పకపోవడానికి అదే కారణం. నాకు ఆ ఓదార్పు రుచిస్తుందేమోనని భయం. బట్టను మట్టిలోకి విసిరినవాడు ఒకడు. బాపు దండం పెట్టినదీ వాడికే. నేను బదులు తీర్చుకున్నది మాత్రం అవ్వ కోసం ఏడ్చిన పసివాడి మీద. వాడు ఏ ఏట్లోనూ మునిగి నన్ను కడుక్కోలేదు. వాడి పేరు కూడా నేను అడగలేదు.

మా రేవు మీదుగా గత్తర అవతలికి పోలేదని పైవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే ప్రమోషన్ వచ్చింది. ఆ జీతంతోనే పిల్లల్ని చదివించాను. రాష్ట్రాలు మారాయి, హాలీ సిక్కా పోయింది, ఆ ముద్ర ఇప్పుడు ఏ అటక మీద ఉందో. నియమం ఎందుకు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. దాన్ని ఏనాడూ మీరని మనిషినని నాకు శాలువా మిగిలింది.

మీరు నన్ను క్షమించవద్దు. ఆ పని మీది కాదు, అడగడానికి లస్మవ్వ ఎక్కడుందో నాకు తెలియదు, తెలిసినా ఆమె గడప ముందుకు పోయి నిలబడే మొహం నాకు లేదు. ఆ పగలు రేవులో, అందరి ముందు, నన్నడిగిన మాటకు నేను జవాబు బాకీ ఉన్నాను. అది చెప్పి ఊరుకుంటాను.

అవునమ్మా. సూది నేనే వేశాను. నీ చెయ్యి నేనే పట్టుకున్నాను. నిన్ను నేను ముట్టాను.