విజయమ్మ మోకాళ్లు

ప్రొద్దుటూరు బంగారమంతా ఒక తట్టలో, విజయమ్మ మోకాళ్లు ఇంకో తట్టలో పెట్టి తూస్తే తక్కెడ విజయమ్మ వైపే ఒరుగుతుంది. ఆమె మోకరించి చేతులెత్తిందంటే ముద్దనూరు కరెంటు ఫ్యాక్టరీ పొగ కూడా గాలికి వంగకుండా నిటారుగా ఆకాశానికి పోతుంది. నమ్మనివాళ్లు ఆమె ప్రార్థనలో ఒక్క పూట కూడా కూర్చోనివాళ్లే అయివుంటారు.

ఈ మాటలు రాస్తున్నది ఆమె మనవరాలు సుస్మిత. ఇంటర్ తప్పి, మళ్లీ రాస్తానని ఇంట్లో నమ్మించి, సెల్‌ఫోన్ అంగట్లో పని చేస్తోంది. అవ్వ గురించి కోతలు కోయడం ఆమెకు బాగా వచ్చిన విద్య. ఇక్కణ్ణుంచి మాత్రం కోతలు లేవు.

విజయమ్మ పుట్టిన ఊరు కొండాపురం దగ్గర ఉండేది. ఇప్పుడది గండికోట నీళ్ల కింద ఉంది. పెళ్లయ్యాక జమ్మలమడుగులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. పొద్దున్నే సంగటి గెలికే ముందు వంటింటి బండల మీద మోకరించేది. పిల్లలందరూ ఆమె వెనక మోకరించాల్సిందే. కునికిన పిల్ల నెత్తిన గరిటె పడేది. పని మానేసి ప్రొద్దుటూరులో కూతురింటికి చేరాక, చర్చి ఆడవాళ్ల శుక్రవారం ప్రార్థన ఆమె చేతిలోకి వచ్చింది. మోకాళ్ల నొప్పులని ప్లాస్టిక్ కుర్చీ లాక్కునేవాళ్లను వదిలేది కాదు.

"ఏం వనజమ్మా, సినిమాకొచ్చినావా? టికెట్టు తీసుకున్యావా?" అనేది. వనజమ్మ గొణుక్కుంటూ కిందికి దిగేది.

అట్లాంటి మనిషి ఊపిరితిత్తిలో గడ్డ తేలింది. బెంగళూరులో ఇమ్యునోథెరపీ అని సెలైన్‌లో మందు ఎక్కించారు. మొదట్లో గడ్డ కరిగింది. తర్వాత కరగడం మానేసింది. అప్పుడు డాక్టర్ ప్రజ్ఞ ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"అమ్మా, మీ ఒంట్లో గడ్డతో కొట్లాడే కణాలు ఉన్నాయి. రోజూ అదే శత్రువు, అదే కొట్లాట. అలిసిపోయి, శత్రువు ఎదురుగా ఉన్నా ఊరికే నిలబడిపోయాయి. చచ్చిపోలేదు. వాటిని మళ్లీ పనిలోకి దించే కొత్త మందొకటి ఇంకా పరీక్షల్లో ఉంది. మీ రక్తపరీక్షలు అందుకు సరిపడితే ఇస్తాం. పనిచేస్తుందని మాట మాత్రం ఇవ్వలేను. వేరే మాత్రలేమైనా మింగుతున్నారా?"

"ప్రార్థన తప్ప ఏం లేదు తల్లీ."

అబద్ధం చెప్పానని విజయమ్మ అనుకోలేదు. పక్కింటి జానీబీ తన కూతురిని చూడ్డానికి పులివెందులకు పోయినప్పుడల్లా, అక్కడి ఆర్‌ఎంపీ దగ్గర పేరు లేని మాత్రలు కాగితంలో పొట్లం కట్టించి తెచ్చిచ్చేది. అవి మింగితే విజయమ్మ మోకాళ్లకు పడుచుతనం వచ్చేది. అవి రోగానికి కాదు కదా, మోకరించడానికి. మోకాళ్ల కింద వేసుకునే చాపను మందు అంటామా? ఆమె లెక్క అది.

పైగా ఆమె ముఖం కూడా నిండుగా, గుండ్రంగా అయింది. సంఘంలో వనజమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "క్యాన్సరొచ్చిన మనిషి ముఖం సూడండి, పున్నమి సెంద్రుడు మాదిరి ఎట్లుందో! ఇది దేవుని కృప గాక ఏంది?" అందరూ స్తోత్రం అన్నారు. విజయమ్మ అందరికంటే గట్టిగా అంది.

డాక్టర్ ప్రజ్ఞ ఆ చంద్రుణ్ణి చూసి రక్తపరీక్ష రాసింది.

"ఎవరో మీకు స్టెరాయిడ్ ఇస్తున్నారమ్మా. ముఖం అందుకే ఉబ్బింది. మోకాళ్ల వాపును పడుకోబెట్టే ఆ మందు, మేం లేపాలనుకునే కణాలను కూడా పడుకోబెడుతుంది. ఒక చేత్తో లేపుతూ ఇంకో చేత్తో జోకొడితే ఎట్లా?"

ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. డాక్టరే మాత్రలు రాసిచ్చి, కొద్దికొద్దిగా తగ్గించమంది. మళ్లీ పులివెందుల పొట్లం ముట్టుకుంటే కొత్త మందు లేదు.

తిరిగొచ్చే దారంతా విజయమ్మ తన లెక్కను మళ్లీ వేసుకుంది. రోగం పోగొట్టమని అడగడానికి మోకరించింది. మోకరించడానికి మింగిన మాత్రే రోగానికి కాపలా కాసింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

మాత్ర తగ్గేకొద్దీ నొప్పులు తిరిగొచ్చాయి. మంచం నుంచి వరండా, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ. ఆమె లోకం అంతే. గేటు అవతల ఆటోలు పోతుంటే కటకటాల వెనక మనిషిలా చూసేది.

శుక్రవారం ఆడవాళ్లు వచ్చి ఆమె చుట్టూ మోకరించారు. కుర్చీలోంచి అందరి నెత్తులూ కనిపించాయి. ఎవరు కళ్లు తెరిచి సెల్‌ఫోన్ చూస్తున్నారో కూడా కనిపించింది. ఆమెకు మాత్రం ఒక్క మాట రాలేదు. కుర్చీలో ఉంటే దేవుడితో ఎట్లా మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు.

"దించే నన్ను," అంది సుస్మితతో.

"దించితే ఎత్తేదానికి క్రేన్ తేవాల అవ్వా. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీకి ఫోన్ చేయాల్నా?"

వనజమ్మ కిసుక్కుమంది. విజయమ్మ నవ్వలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

మరుసటి రోజు మధ్యాహ్నం జానీబీ వచ్చింది. ఇటూ అటూ చూసి, విజయమ్మ గుప్పిట్లో పొట్లం పెట్టింది.

"నిన్నిట్ల సూడలేకపోతాండా అక్కా. ఒగటి మింగు. ఒగ శుక్రవారం మోకాళ్లెయ్యి. ఎవురికి తెలుస్తాది?"

విజయమ్మ పొట్లం విప్పింది. తెల్లటి చిన్న మాత్ర. ఇది లోపలికి పోతే సాయంత్రానికి మోకాళ్లు వంగుతాయి, నోట్లో మాటలు వస్తాయి. బెంగళూరులో రక్తం తీసేదాకా ఎవరికీ తెలియదు. ఆమె మాత్రను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది. చెమటకు దాని అంచు కరిగి వేళ్లకు అంటింది.

"జానీ, తీసుకొని పో. ఈడుంటే మింగుతా."

"అక్కా..."

"పో అంటి కదా! నీ మంచితనంతో సంపేట్టుండావు."

జానీబీ ఏడుస్తూ పోయింది. విజయమ్మ వేళ్లు కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

ఆ తర్వాతి పరీక్షలో రక్తం సరిపడింది. కొత్త మందు ఎక్కించి ఇంటికి పంపారు. లోపలి కణాలు లేచాయో, ఇంకా నిలబడే ఉన్నాయో, స్కానింగ్ తీసేదాకా డాక్టర్‌కు కూడా తెలియదు. విజయమ్మ మళ్లీ వరండాలో కూర్చుంది.

సుస్మిత ఆమె కాళ్లకు నూనె రాస్తూ, మనసులో తొలుస్తున్న మాటను తమాషాలో కలిపి అడిగింది.

"అవ్వా, ఇంత పోజు కొట్టి కుర్చీలో కూసున్యావు. ఆ మందు పని చేయకుంటే?"

"చేయకుంటే సస్తా. అంతలోపల ఈ కుర్చీ నీడకు జరపే, ఎండ కొడతాంది."