పీరన్న మంచుబండి సూటు

ముందు కలరా ఉండల వాసన వచ్చింది. దాని వెనకే, ఏళ్ళ తరబడి చెమట పీల్చి ఆరిన నైలాను వాసన. జుబైల్‌లోని మా కోల్డ్ స్టోరేజీలో బట్టలు మార్చుకునే గది ఉంది. ఈ పొద్దున ఆ గది అటక మీంచి ఒక సంచి దించి మూతి విప్పాను. పాత సూట్లన్నీ ఈ వారంలో పారేయాలని ముదీర్, అంటే మా మేనేజరు, హుకుం. కొత్త జాకెట్లు ప్లాస్టిక్ కవర్లలో వచ్చి కూర్చున్నాయి. మంచిదే. పదిహేనేళ్ళుగా మైనస్ ఇరవై రెండులో కోడిమాంసం అట్టపెట్టెలు మోస్తున్నవాణ్ణి, పేచీ పెట్టే ఓపిక నాకెక్కడిది? కానీ అడుగునుంచి ఒక నల్ల సూటు చేతికొచ్చింది. రొమ్ముకు అడ్డంగా నారింజరంగు పట్టీ, నడుముకు బెల్టు, భుజం మీద చక్రాల్లేని స్కూటరు బొమ్మ కుట్టిన బిళ్ళ. మణికట్ల దగ్గర ఉండాల్సిన అల్లిక కఫ్‌లు లేవు. కత్తిరించినచోట దారాలు వేలాడుతున్నాయి. ఇన్నేళ్ళూ దాన్ని అటకమీద దాచింది నేనే, అయినా చూడగానే పని ఆపి అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. అది పీరన్నది.

పీరన్న పూర్తి పేరు హుసేన్ పీరా. కదిరిలో టైలరు. రెడీమేడ్ బట్టలొచ్చి దుకాణం మూతబడ్డాక ఈ అరబ్బు దేశం వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి, ముందుకు వంగిన భుజాలు. జగిత్యాల దగ్గరి మా ఊరినుంచి నేను వచ్చి దిగింది ఆగస్టులో. బయట నలభై ఏడు డిగ్రీల ఎండ. లారీలు ఆగే అరుగు మీద ఇంత లావు సూటు వేసుకుని పీరన్న తాపీగా చాయ్ తాగుతున్నాడు. నాకు నవ్వాగలేదు.

"ఏందన్నా గీ ఏషం? నాటకం ఉన్నదా ఏంది?" అన్నాను.

"నవ్వుకో నాయనా. పావుగంట లోపలుండి వచ్చి, మళ్ళా నవ్వు" అన్నాడు.

కంపెనీ ఇచ్చిన పల్చటి జాకెట్టుతో లోపలికి పోయి పది నిమిషాలకే బయటపడ్డాను. పళ్ళు టకటకలాడుతున్నాయి, ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. పీరన్న నవ్వలేదు. తన లాకర్లోంచి రెండు పాత సూట్లు తీసి మొదటిది తొడిగించి, "గొంతుక్కూసో" అన్నాడు. కూర్చున్నాను. "సేతులు పైకెత్తు. ముందుకు సాపు. వెన్ను పట్టిందా?" కొంచెం పట్టిందన్నాను. "అయితే ఇప్పు" అన్నాడు. రెండోది మరీ వదులు. "గిండ్ల ఇద్దరం పడతం గదన్నా!" అన్నాను చిరాగ్గా. "ఆ రెండోవాడే గాలి. వానికీ జాగా ఉండాల. బిగుతుగా ఏసుకుంటే సోకుగా ఉంటాది, గంటకంతా సలి ఎముకల్లోకి దిగుతాది" అన్నాడు. సాచిన నా చేతుల్ని పట్టుకుని మణికట్లు చూశాడు. అల్లిక కఫ్ గ్లౌజు లోపలికి రెండు వేళ్ళ మందం పోవాలి, చర్మం గోరంత కూడా కనబడకూడదు. అది సరిపోయాక జిప్పు కొక్కేనికి చిన్న తాడుముక్క కట్టాడు. లోపల గ్లౌజు తీసి ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుందట. అరుగు మీద ఇదంతా చేయడానికి అతనికి అయిదు నిమిషాలు పట్టింది. నన్ను ఒక మనిషిగా చూసి, నా ఒంటి గురించి ఎవరైనా అంతసేపు ఆలోచించడం ఇక్కడికొచ్చాక అదే మొదలు.

ఆ సూట్లు నాకంటే వయసులో పెద్దవి. మంచుదేశాలవాళ్ళు వాడి వదిలేసినవి మూటలు మూటలుగా వచ్చి దమ్మామ్ హరాజ్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, నేలమీద గుట్టలు పడేవి. ఆ భుజం బిళ్ళమీది బొమ్మ స్నోమొబైల్ అనే బండిదని నేనే ఫోన్లో చూసి చెప్పాను. "మంచుబండా?" అన్నాడు. ఆనాటినుంచి మా అందరికీ అవి మంచుబండి సూట్లే. శుక్రవారాలు ఇద్దరం హరాజ్‌కు పోయేవాళ్ళం. తబూక్ కొండల్లో మంచు చూడ్డానికి పోయే షోకిల్లాలు రంగు చూసి, బొమ్మ చూసి ఎగరేసుకుపోయేవారు. పీరన్న రంగు చూడడు. గుడ్డను నోటికి ఆనించి ఊదుతాడు. ఊపిరి అవతలికి పోయిందంటే లోపలి పూత పోయినట్టే. కాలి అంచు తిరగేసి బొటనవేలితో రుద్దుతాడు. తెల్లపొడి రాలితే "ఇది సచ్చిపోయింది" అని పక్కన పెడతాడు. లోపలి దూది ఒకచోట ఉండకట్టిందా, మోకాళ్ళ దగ్గర రెండో పొర ఉందా, కాలి జిప్పు బూటు మీదుగా పైకి వస్తుందా, అన్నీ చూసి ఇరవైలో ఒకటి తీసేవాడు. నాకు ఎండకు తల పగిలిపోయేది. "ఏదో ఒకటి తీస్కో అన్నా, గింత పరీక్షా?" అంటే, "లోపల ఉండేది నువ్వప్పా, అది కాదు" అనేవాడు.

ఒకరోజు గ్లౌజులు తీస్తుంటే చూశాను, అతని కుడిచేతి రెండు వేళ్ళు చలి పట్టి సున్నం పూసినంత తెల్లగా ఉన్నాయి. గబుక్కున చంకలో దాచుకున్నాడు. "ముదీర్ కంటబడితే పంపించేస్తాడు మల్లేశా. ఇంకొక్క కాంట్రాక్టు, రెండేండ్లు. ఇంటికి గోడలు లేచినాయి, కప్పు పడాల. ఈ సూటుంటే లాగేస్తా" అన్నాడు. అంతే అతనికి కావలసింది. ఆ నల్ల సూటు ఎంత మంచిదంటే, దాంట్లో ఉన్నంతసేపు వేళ్ళు తెల్లబడేవి కావు, సాయంత్రాలే కొంచెం. దాన్ని ఎలా చూసుకునేవాడో నేను గమనించలేదు. తడిగుడ్డతో తుడిచి, గదిలో ఫ్యాను కింద నీడన ఆరేసేవాడట. తర్వాత తెలిసింది. తర్వాత తెలిసి ఏం లాభం!

జులైలో అతనికి జ్వరం వచ్చి మూడ్రోజులు పడుకున్నాడు. నేను గంజి కాచి ఇచ్చాను, మందులు తెచ్చాను. ఇంకా ఏదైనా చేయాలనిపించింది. సూటు కంపు కొడుతోంది. వేడినీళ్ళు, సబ్బుపొడి వేసి మిషన్లో తిప్పి, మిట్టమధ్యాహ్నం మేడమీద ఆరేశాను. ఎండలో వేస్తే బట్టకు పట్టిన రోగం పోతుందని మా అమ్మ దగ్గర్నుంచి నేర్చుకున్న బుద్ధి. జుబైల్ ఎండ మా అమ్మకేం తెలుసు? మూడు గంటలకు దించితే సూటు అప్పడంలా చేతుల్లో పెళపెళలాడింది. దూదంతా కాళ్ళలోకి జారి ఉండకట్టింది. దులిపితే అంచుల్లోంచి తెల్లపొడి రాలింది. రాలుతూనే ఉంది.

పీరన్న మంచం మీద లేచి కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. నోటికి ఆనించి ఊదాడు. ఊపిరి అవతల పెట్టిన నా చేతికి తగిలింది. "ఎవురు సెప్పినారప్పా నీకు, ఉతకమని?" అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే వెళ్ళి నా సూటు తెచ్చి "ఇది నువ్వేస్కో అన్నా" అన్నాను. అతను వేసుకున్నాడు. గొంతుక్కూర్చుంటే వెన్ను పట్టేసింది, చేతులు సాచితే మణికట్లు బెత్తెడు బయటికొచ్చాయి. "నీది నీకేలేప్పా" అని విప్పి మడతపెట్టి ఇచ్చేశాడు. అది అతనికి సరిపోదని నాకు ముందే తెలుసు. తెలిసే తెచ్చాను. సరిపోయేదైతే తెచ్చేవాణ్ణా? ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్న ప్రశ్న అదే.

ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు తిరిగామో. అంత పొడుగు సూట్లలో ప్రాణమున్నది ఒక్కటీ దొరకలేదు. కంపెనీ జాకెట్టు కింద రెండు స్వెట్టర్లు వేసుకుని లోపలికి పోయేవాడు. సూటేమైందని ముదీర్ అడిగితే "నేనే ఉతికినా సార్, బుద్ధిలేక" అన్నాడు, నా మొహం చూడకుండా. జనవరి వచ్చేసరికి మూడు వేళ్ళు తెల్లబడ్డాయి. ఒకరోజు ముదీర్ ఎదురుగానే అట్టపెట్టె జారి పడింది. తీయడానికి వంగితే వేళ్ళు ముడుచుకోలేదు. కాంట్రాక్టు పొడిగించలేదు, ఇంటికి పోయే ఎగ్జిట్ వీసా కొట్టేశారు. వెళ్ళే ముందురోజు పొద్దుటినుంచీ సూదీ దారం పట్టుకుని కూర్చున్నాడు. చచ్చిన సూటులో బతికున్నవి ఆ రెండు కఫ్‌లే. వాటిని కోసి, సాగిపోయిన నా సూటు కఫ్‌లు తీసి ఆచోట కుట్టాడు. పట్టులేని వేళ్ళలోంచి సూది మాటిమాటికీ జారిపోయేది. నేను వెతికి ఇచ్చేవాణ్ణి. అంతకుమించి ఏం చేయగలిగాను?

ఇవాళ ఆ నల్ల సూటు ఒళ్ళో పెట్టుకుని అతనికి వీడియో కాల్ చేశాను. పండగలకు మాట్లాడుకుంటాం గానీ ఈ మాట ఎప్పుడూ ఎత్తలేదు. గడ్డం మొత్తం నెరిసింది. వెనక గోడ, గోడమీద రేకులు. కప్పు పడనేలేదు. నా చూపు ఎక్కడుందో కనిపెట్టాడు. "రేకులే మంచివిలేప్పా. వేడి బాగా దిగుతాది, వేళ్ళకు హాయి" అని నవ్వాడు.

నాకిక ఆగలేదు. "అన్నా, ఆనాడు నా సూటు నీకిచ్చిన సూడు, అది నీకు రాదని తెలిసే ఇచ్చిన. నువ్వు వద్దంటవనే ఇచ్చిన" అన్నాను.

అతను ఫోను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"ముప్పై ఏండ్లు టైలర్ని మల్లేశా. మనిషి తలుపులో నిలబడితేనే కొలత తెలుస్తాది నాకు. నువ్వు తెచ్చేటప్పుడే సూసినా, రాదని."

"మరెందుకు ఏస్కున్నవే?"

"నువ్వు ఏడుస్తాండావు కదప్పా. ఇచ్చినాననే మాటన్నా నీకు మిగలాల కదా" అన్నాడు.

ఇంకేవో మాట్లాడాం, గుర్తులేవు. ఫోను పెట్టేసి నల్ల సూటు మడిచి నా లాకర్లో పెట్టుకున్నాను. ముదీర్ ఏమైనా అనుకోనీ. కొత్త జాకెట్టు కవరు విప్పకుండానే పక్కకు నెట్టి నా పాత సూటు తొడుక్కున్నాను. గొంతుక్కూర్చుని లేచాను. చేతులు ముందుకు చాచి చూసుకున్నాను. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి, కదిరి టైలరు కుట్టినట్టు లేవు. కానీ చర్మం గోరంత కూడా కనబడలేదు. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను.