బుద్ధిమంతుడు

మా తమ్ముడంత బుద్ధిమంతుడైన పసివాడు పెడనలోనే లేడని మా వీధి వీధంతా అనేది. ఏడవడు. ఉయ్యాల్లో వేస్తే వేసినట్టే ఉంటాడు. అమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టిందంటే పొద్దుగూకేదాకా లేచే పని లేదు. పక్కన కూచుని కండెలకు నూలు చుట్టే నన్ను చూసి, "నువ్వు ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదానివే" అని దెప్పేవాళ్లు. వాడంటే నాకు ఒళ్లు మండేది.

మెప్పంతా అమ్మమ్మకి దక్కేది. వాణ్ణి చూసుకోడానికే మా ఇంటికొచ్చింది. అస్తమానం ముక్కు గోక్కునేది, బెల్లం కోసం పేచీ పెట్టేది, మాట మధ్యలో కళ్లు మూసుకునేది. జపం చేసుకుంటోందనుకున్నాం. బందరు వెళ్లే బండివాడి చేత కీళ్లనొప్పుల మందని ఏదో తెప్పించుకునేది. తమ్ముడు ఎదగడం లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఏడవని పిల్లాణ్ణి పట్టి చూసేదెవరు?

ఆ ఏడు తుఫానుకి బందరు రోడ్డు మునిగి బళ్లు ఆగిపోయాయి. అమ్మమ్మకి ఆవలింతలు మొదలయ్యాయి. ముక్కు కారడం, చెమటలు, వణుకు. ఉయ్యాల్లో వాడికీ అవే ఆవలింతలు, అదే వణుకు. ఎన్నడూ లేనిది గుక్కపెట్టి ఏడ్చాడు. అమ్మ మగ్గం ఆపి వాడి మొహం చూసింది, తల్లి మొహం చూసింది.

"ఏం పెడుతున్నావే వాడికి?"

"నల్లమందే. నేను వేసుకునేదాంట్లోంచి ఆవగింజంత. నీ మగ్గం ఆగకూడదనేగా!" అంది అమ్మమ్మ. "ఎలాగైనా తెప్పించవే, నీ కాళ్లు పట్టుకుంటా."

రోడ్డు తేలాక కూడా అమ్మ తెప్పించలేదు. తల్లిని నూలు గదిలో పెట్టి గొళ్లెం వేసింది. తమ్ముణ్ణి భుజానేసుకుని ఆ తలుపు ముందే తిరిగింది. లోపల్నించి ముందు తిట్లు, తర్వాత వాంతులు, ఆపైన మూలుగు. గంజి తనే తీసుకెళ్లి తాగించేది. అది ఆవిడ కడుపులో నిలిచేది కాదు.

తమ్ముడు బతికాడు. అమ్మమ్మ ఆ గదిలోనే పోయింది. "ఎంత భక్తురాలమ్మా, జపంలోనే పోయింది" అని వీధివాళ్లు కాళ్లకు దణ్ణం పెట్టుకున్నారు.

తర్వాత వాడు అందరు పిల్లల్లాగే ఏడ్చాడు, ఆకలికీ, దెబ్బకీ, ఊరికేనూ. వాడు నోరు తెరిచినప్పుడల్లా అమ్మ మగ్గం మీంచి లేచొచ్చి వీపు చిట్లేలా బాదేది.

"ఏడవరా, ఏడువు! నీ ఏడుపు కోసమే కదరా మా అమ్మని చంపుకున్నాను!"