బయట తాళం, లోపల లిడియా

మా పక్క పోర్షన్‌లో లిడియా అద్దెకు దిగిన కొత్తలో ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్లను చూసి, ఈమె లెక్చరరా, సత్రం నడుపుతోందా అని నాకు అనుమానం వచ్చింది. తెనాలి దగ్గర పల్లెలో పాస్టరు గారి కూతురు. పరీక్షకనీ, ఆస్పత్రికనీ, ఉద్యోగానికనీ ఆ వైపు నుంచి హైదరాబాదు వచ్చిన వాళ్లందరికీ తార్నాకలో దిగే చోటు అదే. "పాస్టరింటి తలుపుకు గడియ ఉండకూడదని నాన్నగారు అనేవారండీ" అనేది, ఎవరికో పక్క పరుస్తూ.

పగలు ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది. మిగిలిన కాస్త వేళలో యూనివర్సిటీలో పిహెచ్‌డి. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో నవలలు రాసిన ఒకావిడ మీద. ఆ పేరు నాకు నోరు తిరిగేది కాదు. మేమిద్దరం 'దొరసాని' అనుకునేవాళ్లం. దొరసాని కూడా పాస్టరు కూతురే. కానీ ఎవరైనా గుమ్మంలో అడుగు పెడితే చాలు, వంటింటి తలుపు గుండా తోటలోకి జారుకునేదట. అలా దాక్కుని నాలుగు నవలలు రాసింది. తర్వాత ఇరవై ఏళ్లు బతికి ఒక్క పేజీ రాయలేదు. ఎందుకు రాయలేదన్నదే లిడియా చివరి అధ్యాయం. జబ్బు అని పుస్తకాల్లో ఉంది. లిడియాకు ఆ మాట మీద నమ్మకం లేదు, తన దగ్గర వేరే మాటా లేదు. బండి అక్కడే ఆగింది.

1994 డిసెంబరు. థీసిస్ ఇవ్వడానికి పొడిగించిన గడువు ఆ నెలాఖరుతో సరి. దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఏడేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరు. కాలేజీకి సెలవు పెట్టింది. క్రిస్మస్ నెలాయె, వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. ఒక పొద్దున తాళంకప్ప పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"రాజశ్రీ గారూ, నన్ను లోపల పెట్టి ముందు తలుపుకు తాళం వేసేయండి. వచ్చినవాళ్లకు ఊళ్లో లేనని చెప్పండి. వెనక పంపు దగ్గరి తలుపుకు నేను లోపల గడియ పెట్టుకుంటాను."

"బడిల పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పేదాన్నమ్మా నేను."

"దొరసానికి ఆ అబద్ధాలు పనిమనిషి ఆడిపెట్టేదండీ."

నన్ను పనిమనిషిని చేసినందుకు ఒళ్లు మండింది. అయినా తాళం వేశాను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. థీసిస్ మాట వాళ్లకు తట్టలేదు.

అందరికంటే కష్టం అమ్మాజీ గారితో. లిడియా వెళ్లే చర్చిలో స్త్రీల సమాజానికి ఆవిడ పెద్ద. బౌద్ధనగర్ నుంచి బస్సులో వచ్చేవారు. వస్తే పూటంతా కూర్చునే మనిషి. నిజం చెప్పాలంటే లిడియా దాక్కున్నది ముఖ్యంగా ఆవిడ నుంచే. "ఊరెళ్లిందా? క్రిస్మస్ పెట్టుకుని, నాతో చెప్పకుండానా?" అంటూ మా అరుగు మీద కూర్చుని, నా చేతి టీ తాగి, తాళం వంక చూసి వెళ్లిపోయేవారు. ఒకసారి "ఆ పిల్లకు మా మీద కోపమేమోనమ్మా" అన్నారు. నేను ఇంకో కప్పు టీ పోశాను.

పోనీ రాత సాగుతోందా అంటే అదీ లేదు. "ఇల్లు నిశ్శబ్దంగా ఉందండీ. బుర్ర ఇంకా నిశ్శబ్దంగా ఉంది" అంది లిడియా, కిటికీ రెక్క వెనక నుంచి.

పండక్కి వారం ముందు, పొద్దుగూకుతుండగా క్యారల్స్ వాళ్లు వచ్చారు. ఏటా ఆ చర్చి బృందం గిటారు, డోలక్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడుతుంది. తాళం ఉన్న ఇల్లు దాటిపోతారు. నేను గేటు దగ్గరే చెప్పేశాను, లిడియా ఊరికి పోయిందని.

"అయితే పోదాం పాండ్రి" అన్నాడు బృందాన్ని నడిపే ఫిలిప్. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు.

బృందంతో వచ్చిన అమ్మాజీ గారు కదల్లేదు. "మనిషి లేకపోతే ఇల్లుంది కదయ్యా. మన పిల్ల ఇల్లు. పాడండి."

తాళం ముందు నిలబడి పాడారు. నాకు సంగీతం రాదు కానీ, పాటలో ఏదో వెలితి ఉందని నాకే తెలిసింది. ఆడవాళ్ల పాటను కింద నుంచి ఆనించి పట్టే రెండో గొంతు ఏటా లిడియాదే. రెండో చరణంలో ఆ గొంతు వచ్చింది. తలుపు లోపలి నుంచి.

డోలక్ ఆగింది. అందరూ తాళం వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. భూమి చీలితే దూరేదాన్ని. లోపల పాట మాత్రం చరణం పూర్తయ్యేదాకా ఆగలేదు.

"ఏంది మేడం ఇది? ఊరికి పోయిందంటిరి గద!" అన్నాడు ఫిలిప్. నేను తాళం తీశాను.

దువ్వని జుట్టు, వేళ్లకు సిరా, కళ్ల నిండా నీళ్లు. "క్షమించండి ఆంటీ. నెలాఖరుకు ఇవ్వకపోతే అంతా పోతుంది. మీరొస్తే నేను పొమ్మనలేను, అందుకని..."

అమ్మాజీ గారు ఆమెను తప్పించుకుని లోపలికి చూశారు. మంచం మీదా నేల మీదా కాగితాలే. ఇక తిట్లు తప్పవనుకున్నాను.

"అన్నం తింటున్నావా?" అన్నారు. తర్వాత నా చేతిలోంచి తాళం లాక్కుని, లిడియాను భుజం పట్టి లోపలికి నెట్టి, తలుపు తానే మూసి తాళం వేశారు.

మర్నాటి నుంచి మా అరుగు మీద ఆవిడే కాపలా. కూర్చున్నంతసేపూ దొరసాని కథంతా నాచేత చెప్పించుకున్నారు. వచ్చేటప్పుడు క్యారియర్లో లిడియాకు అన్నం తెచ్చేవారు. ఎవరొచ్చినా "లోపలే ఉంది, రాసుకుంటోంది, జనవరిలో రా" అని ఉన్న మాటే చెప్పి పంపేవారు. వీధి చివరిదాకా వినబడే గొంతు. చిత్రం, ఆ గోలలోనే లిడియా కలం పరుగెత్తింది. గడువులోపే థీసిస్ చేరింది.

మరుసటి వానాకాలం యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీలో వైవా, అంటే థీసిస్ మీద నోటి పరీక్ష, పెట్టారు. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చని తెలిసి అమ్మాజీ గారు నన్నూ లాక్కుపోయారు. ఆ ఇంగ్లీషు వేగం మా ఇద్దరికీ అందలేదు. అంతా అయిపోయి మెట్ల మీదికి వచ్చిన డాక్టర్ లిడియాను ఆవిడ ఆపారు.

"చివర్న అంతసేపు ఏమడిగాడే ఆ పరీక్ష చేసినాయన?"

"దొరసాని రాయడం ఎందుకు మానేసిందని."

"ఏం చెప్పావు?"

"తలుపేసుకుందని ఊళ్లోవాళ్లకు కోపమొచ్చింది ఆంటీ. మెల్లగా రావడం మానేశారు. ఆ తర్వాత ఆమె గుమ్మం ముందు మనిషి గొంతే లేదు. రాయడానికి ఇంకేం మిగిలిందని చెప్పాను."

అమ్మాజీ గారు ఆ మెట్టు మీదే కూర్చుండిపోయారు. ఎప్పుడో పోయిన, ముఖం కూడా ఎరగని ఆ మనిషి కోసం కొంగుతో కళ్లొత్తుకున్నారు.

"ఒక్కళ్లన్నా వెళ్లి పాడాల్సిందమ్మా" అన్నారు. "లోపలే ఉంది కదా, పాపం."